ఆదివారం రాత్రి మీటింగుకి వచ్చేవాళ్లు

1998 నవంబరు 8న ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో కొందరు అమ్మాయిలు కలిసి కప్పా ఫై గామా అనే సొరోరిటీ, అంటే విద్యార్థినుల సంఘం, పెట్టుకున్నారు. డిసెంబరు 6న హ్యూస్టన్ యూనివర్సిటీలో డెల్టా ఫై ఒమేగా మొదలైంది. ఇంకో రెండు రోజులకి న్యూయార్క్‌లో, క్వీన్స్‌లోని సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో సిగ్మా సిగ్మా రో. సరిగ్గా నెల రోజుల్లో మూడు. మరుసటి ఏడాది టెక్సస్ ఏ అండ్ ఎంలో డెల్టా కప్పా డెల్టా వచ్చింది. అన్నీ దక్షిణాసియా మూలాలున్న ఆడపిల్లలు తమ కోసం తాము కట్టుకున్న సంఘాలే. మిగతావాళ్లకీ తలుపులు తెరిచే ఉంచారు.

ఇన్ని సంఘాలు ఒక్కసారే పుట్టడానికి కారణముంది. 1965లో అమెరికా వలస చట్టం మారాక మన డాక్టర్లు, ఇంజినీర్లు కుటుంబాలతో అక్కడ స్థిరపడ్డారు. వాళ్ల పిల్లలు కాలేజీ వయసుకొచ్చింది 1990లలో. సొరోరిటీలు ఆ దేశానికి కొత్తేమీ కాదు. జార్జియా రాష్ట్రం మేకన్‌లోని వెస్లియన్ కాలేజీలో 1851లోనే మొదటిది మొదలైంది. కానీ చాలాకాలం అవి తెల్లవాళ్లకి మాత్రమే. నల్లజాతి విద్యార్థినులు 1908లో హోవర్డ్ యూనివర్సిటీలో ఆల్ఫా కప్పా ఆల్ఫా పెట్టుకుని తమ దారి తాము వేసుకున్నారు. చెన్నై నుంచి వెళ్లిన శ్యామలా గోపాలన్ కూతురు కమలా హారిస్ చేరింది అందులోనే. ఇంట్లో ఒక లోకం, క్యాంపస్‌లో ఇంకో లోకంగా పెరిగిన మన పిల్లలకి ఆ అవసరం తొంభై ఏళ్ల తర్వాత వచ్చింది.

ఇప్పుడు డాలస్, న్యూజెర్సీ, అట్లాంటా చుట్టుపక్కల పెరిగిన తెలుగు అమ్మాయిలు కాలేజీలో అడుగుపెట్టగానే ఈ సంఘాల పిల్లలు ఎదురవుతారు. స్టూడెంట్ సెంటర్ ముందు బల్ల వేసుకుని, గ్రీకు అక్షరాల జాకెట్లు వేసుకుని, పేరు పెట్టి పలకరిస్తారు. ఇంటికి ఫోన్ చేసి "అమ్మా, సొరోరిటీలో చేరదామనుకుంటున్నా" అంటే అవతలి నుంచి వచ్చే ప్రశ్నలు దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. సినిమాల్లో చూపించే పార్టీల గుంపేనా? చదువేమవుతుంది? డబ్బెంత? ఈ ప్రశ్నలు తప్పు కావు. వాటికి జవాబులు తెలుసుకోకుండా చేరకూడదు. అయితే నా దృష్టిలో వీటన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ అమ్మాయిలు కలిసి చేసే పని ఏమిటి?

అక్కచెల్లెళ్ల బంధం గురించి బ్రోషర్లలో చాలా రాస్తారు. జీవితాంతం తోడు, ఇంటికి దూరంగా ఇంకో ఇల్లు అంటారు. అవి అబద్ధాలని నేననను. ఆ బంధాన్ని కళ్లారా చూశాను, దాని విలువ నాకు తెలుసు. కానీ అది చేరిన రోజు చేతికిచ్చే వస్తువు కాదు, కలిసి పనిచేస్తూ పెరిగేది. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సారా వ్యతిరేక పోరాటం తర్వాత పొదుపు సంఘాలు ఎలా పాతుకున్నాయో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. రోజుకో రూపాయి. పది పదిహేనుమంది. క్రమం తప్పని సమావేశం, తీర్మానాల పుస్తకం, లీడరు. ఆ ఆడవాళ్ల మధ్య ప్రేమ ముందు పుట్టి పుస్తకం తర్వాత రాలేదు. రూపాయి కోసం ఒకచోట కూర్చోవడం మొదలుపెట్టాకే ఒకరి కష్టం ఒకరికి తెలిసింది. ఎవరింట్లో జబ్బుందో, ఎవరి మొగుడు తాగొస్తున్నాడో తెలిసింది. తోడు వెళ్లడం ఆ తర్వాత వచ్చింది. సొరోరిటీలో "చాప్టర్" అనే క్యాంపస్ శాఖ కూడా లోపల అచ్చంగా ఇలాగే నడుస్తుంది.

చాలా చాప్టర్లు ఆదివారం రాత్రి కూర్చుంటాయి. లైబ్రరీలో ముందే బుక్ చేసుకున్న గది, తెల్లబోర్డు, చక్రాలున్న ఆఫీసు కుర్చీలు. సెక్రటరీ హాజరు వేస్తుంది. ట్రెజరర్ లెక్క చదువుతుంది. డ్యూస్, అంటే సభ్యత్వ రుసుము, ఎవరు కట్టారు, ఎవరికి గడువిచ్చారు, సమోసాల అమ్మకంలో ఎంత మిగిలింది, దాండియా రాత్రికి హాలు అద్దె ఎంతయింది. సేవా కార్యక్రమాలు చూసే అమ్మాయి వచ్చే శనివారానికి కార్లు ఎవరివో అడుగుతుంది. మర్నాడు ఆర్గానిక్ కెమిస్ట్రీ పరీక్ష ఉన్న పిల్ల ఒళ్లో నోట్సు పెట్టుకునే చెయ్యెత్తి "నా కారులో నలుగురు పడతారు" అంటుంది. ఉత్సాహంగా ఉండే సమావేశం కాదిది. రెండు గంటలు కూడా పట్టొచ్చు. సెమిస్టర్ మొదట్లో అందరూ వస్తారు, పదో వారానికి కొన్ని కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ పదో వారంలో కూడా వచ్చి కూర్చునే నలుగురైదుగురున్నారే, మీ జీవితంలో మిగిలే అక్కచెల్లెళ్లు వాళ్లే. మీ తాతగారు పోయారని అర్ధరాత్రి ఇండియా నుంచి ఫోన్ వస్తే తలుపు తట్టదగ్గ గది వాళ్లదే.

అందుకే చేరేముందు ఒక్క పని చేయండి. సొరోరిటీవాళ్లు రష్ వారంలో, అంటే కొత్తవాళ్లని చేర్చుకునే వారంలో, పెట్టే మెహెందీ సాయంత్రాలకీ చాయ్ పార్టీలకీ వెళ్లండి, మంచిదే. ఆ వారంలో ఎవరైనా ముచ్చటగానే ఉంటారు. దాంతోపాటు వాళ్లు చేసే సేవా కార్యక్రమం ఒకదానికి, ఎవరూ ఫొటోలు తీయని శనివారం ఉదయం, వాలంటీరుగా వెళ్లండి. ఎవరు టైముకొచ్చారో, ఎవరు చివరిదాకా ఉండి బల్లలు మడిచారో, చెత్త సంచి ఎవరు బయటపడేశారో చూడండి. సీనియర్లు జూనియర్లతో ఎలా మాట్లాడుతున్నారో వినండి. పదిమంది ముందు ఒక పిల్లని చిన్నబుచ్చే సీనియర్ తలుపులు మూసిన గదిలో ఇంకెలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూసిన తలుపుల సంగతి

ఇక్కడ నేను నిర్మొహమాటంగా చెప్పాలి. చేరాలనుకున్న అమ్మాయికి "బిడ్" అనే ఆహ్వానం వస్తుంది. ఆ తర్వాత కొన్ని వారాలు శిక్షణ. సంఘం చరిత్ర, నియమాలు నేర్పుతారు. కలిసి చేరినవాళ్లని "లైన్" అంటారు. ఒక్కొక్కరికి ఒక సీనియర్ "బిగ్" దొరుకుతుంది, ఆమెకి మీరు "లిటిల్". ఇవన్నీ సరదాగా, సుబ్బరంగా జరిగే చోట్లు చాలా ఉన్నాయి. కానీ ఈ వారాలే హేజింగ్‌కి, అంటే మన ర్యాగింగ్‌కి, సందు కూడా.

2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీలో మొదటి ఏడాది కుర్రాడొకడు పై డెల్టా సై అనే ఆసియన్ అమెరికన్ ఫ్రటర్నిటీ (అబ్బాయిల సంఘం) పెన్సిల్వేనియా పొకోనో కొండల్లో పెట్టిన శిబిరానికి వెళ్లాడు. కళ్లకి గంతలు కట్టి, వీపున బరువైన సంచీ వేసి, చలిలో నడిపిస్తూ మళ్లీ మళ్లీ పడదోశారు. స్పృహ తప్పాక కూడా ఆస్పత్రికి వెంటనే తీసుకెళ్లలేదు. ఆ పిల్లాడు చనిపోయాడు. 2018లో కోర్టు ఆ ఫ్రటర్నిటీని పెన్సిల్వేనియాలో పదేళ్లపాటు నిషేధించింది. "మనవాళ్ల సంఘమే కదా, మనల్నేం చేస్తారు" అనుకునే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి. అక్కడ ఉన్నవాళ్లూ ఆ పిల్లాడిలాంటివాళ్లే, ఆసియా కుటుంబాల పిల్లలే.

ఇప్పుడు ఆరా తీయడం ఇంతకుముందుకంటే తేలిక. 2024 డిసెంబరులో స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం వచ్చింది. హేజింగ్‌కి పాల్పడ్డాయని విచారణలో తేలిన సంఘాల పేర్లు, ఏం జరిగింది, ఏం చర్య తీసుకున్నారు అన్నవి యూనివర్సిటీలు తమ వెబ్‌సైట్లో పెట్టాలి. సంతకం చేసేముందు ఆ పేజీ తెరిచి, మీరు చేరబోయే సంఘం పేరు ఉందేమో వెతకండి. యూనివర్సిటీలో ఈ సంఘాల వ్యవహారాలు చూసే గ్రీక్ లైఫ్ ఆఫీసుకి ఈమెయిల్ రాసి ఆ చాప్టర్‌కి గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. గుర్తింపు పోయాక కూడా రహస్యంగా నడిచే చాప్టర్లుంటాయి, వాటి దరిదాపులకి వెళ్లొద్దు.

చేరాక కూడా కొన్ని గీతలు మీ మనసులో ముందే గీసుకోండి. నిద్ర లేకుండా చేసే పని, తిండి ఆపే పని, బలవంతాన తాగించే పని, ఫోన్ లాక్కునే పని, "ఇంట్లో చెప్పొద్దు" అనే పని, వీటిలో ఏదొచ్చినా అక్కడితో ఆపేయండి. నియమాలూ లోపలి ఆచారాలూ రహస్యంగా ఉంచుకోవడం ఆ సంఘాల సంప్రదాయం, దాన్ని గౌరవించవచ్చు. మీరు ఎక్కడున్నారన్నది మాత్రం ఎప్పుడూ రహస్యం కాకూడదు. మీ రూమ్మేట్‌కో, అక్కకో ఆ వారాల్లో లొకేషన్ ఆన్ చేసి ఉంచండి. మధ్యలో మానేస్తే పిరికిదంటారని భయపడకండి. మానేయడం మీ హక్కు.

డబ్బు విషయం త్వరగా చెప్పేస్తాను. డ్యూస్ చాప్టర్‌ని బట్టి మారతాయి, ఏడాదికి వందల డాలర్లవుతాయి. మొదటి సెమిస్టర్‌లో ఫీజు, జాకెట్, బహుమతులు, ప్రయాణాలు కలిసి ఎక్కువవుతాయి. మొత్తం ఎంతో కాగితం మీద రాసిమ్మని అడగండి. వాయిదాల్లో కట్టొచ్చా, ఇబ్బందుల్లో ఉన్నవాళ్లకి సాయముందా అనీ అడగండి. అడిగినందుకు మొహం మాడ్చుకునే చోట చేరాల్సిన పని లేదు. చాలా చాప్టర్లు కనీస జీపీఏ పెడతాయి. అది లేని చాప్టర్‌ని నేనైతే నమ్మను.

సేవ అంటే బల్ల వేసుకోవడం కాదు

ఈ సంఘాలన్నీ ఏదో ఒక సేవారంగాన్ని తమదిగా ఎంచుకుంటాయి. డెల్టా ఫై ఒమేగా అక్షరాస్యతని పట్టుకుంది. సిగ్మా సిగ్మా రో గృహహింస మీద పనిచేస్తుంది. 1991లో బర్కిలీలో విద్యార్థులు మొదలుపెట్టిన ఆశా ఫర్ ఎడ్యుకేషన్‌కి అనేక క్యాంపస్ సంఘాలు నిధులు పోగుచేస్తుంటాయి. ఇవి మంచి పనులు. కానీ నిధుల సేకరణ ఒకటే చేసే చాప్టర్‌కి, మనుషుల మధ్య పనిచేసే చాప్టర్‌కి తేడా ఉంది. రెండు పనుల గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రెండింటిలో దక్షిణాసియా విద్యార్థినులు చేయగలిగింది వేరేవాళ్లు చేయలేరు.

మొదటిది మూలకణ దాతల నమోదు. రక్త క్యాన్సర్ వచ్చినవాళ్లకి చాలాసార్లు వేరొకరి మూలకణాలు ఎక్కించాలి. ఇద్దరి హెచ్‌ఎల్‌ఏ అనే కణజాల రకం కలవాలి. తోబుట్టువుతో కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇంట్లో ఎవరితోనూ కలవకపోతే బయట వెతకాలి. ఆ రకం తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాబట్టి, తెలుగువాడికి సరిపోయే దాత దొరికితే సాధారణంగా మన ప్రాంతపు మూలాలున్నవాళ్లలోనే దొరకాలి. అమెరికాలోని జాతీయ దాతల జాబితాలో తెల్లజాతి రోగికి పూర్తిగా సరిపోయే దాత ఉండే అవకాశం 79 శాతం, ఆసియా మూలాలున్నవాళ్లకి 47 శాతం. మనవాళ్ల పేర్లు ఆ జాబితాలో చాలకపోవడం ఈ తేడాకి ఒక పెద్ద కారణం.

2007లో సమీర్ భాటియా, వినయ్ చక్రవర్తి అనే ఇద్దరు యువకులు ల్యుకేమియాతో పోరాడుతున్నారు. వాళ్ల మిత్రులు దేశమంతా శిబిరాలు పెట్టి, 11 వారాల్లో 24,611 మంది దక్షిణాసియావాళ్లని జాబితాలో చేర్చారు. ఇద్దరికీ దాతలు దొరికారు, మార్పిడి జరిగింది. అయినా జబ్బు తిరగబెట్టి 2008లో ఇద్దరూ పోయారు. కానీ అప్పుడు చేరిన పేర్లలోంచి వాళ్లకి ముఖపరిచయం కూడా లేని రోగులకి దాతలు దొరికారు. క్యాంపస్‌లలో మన విద్యార్థి సంఘాలు నమోదు శిబిరాలు ఇప్పటికీ ఎందుకు పెడతాయో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి.

నమోదుకి నిమిషాలు చాలు. వయసు 18 నుంచి 40 మధ్య ఉండాలి. దూది పుల్లతో బుగ్గ లోపల రుద్ది కవర్లో పెట్టి పంపుతారు, అంతే. అసలు కష్టం తర్వాత ఉంది. నెలలకో ఏళ్లకో "మీది ఒక రోగికి కలిసింది" అని ఫోన్ వస్తే, వెనక్కి తగ్గేవాళ్లు మనవాళ్లలో చాలామంది. అప్పటికి రోగి ఇంట్లోవాళ్లు ఆశపెట్టుకుని ఉంటారు. ఇంకా ముందుకెళ్లి రోగి మజ్జని మందులతో పూర్తిగా ఖాళీ చేశాక దాత తప్పుకుంటే, ఆ మనిషి బతకడం కష్టం. అందుకే నమోదు బల్ల దగ్గర "జస్ట్ స్వాబ్ చేయించుకో, ఫ్రీ పిజ్జా ఉంది" అని పిలవడం సేవ కాదు, అపాయం. ఎన్ని కవర్లు నిండాయని కాదు, ఎంతమంది సంగతంతా తెలిసి సరేనన్నారని లెక్కపెట్టుకోవాలి.

మన పిల్లల విషయంలో ఆ సరే అనేది తరచుగా ఇంట్లో తేలాల్సిన సంగతి. బల్ల దగ్గర నిలబడే అమ్మాయికి ఇలాంటి సంభాషణ ఎలా జరపాలో ముందే తెలిసుండాలి.

"అమ్మా, నేను స్టెమ్ సెల్ దాతగా పేరు రాయించుకుంటున్నా."

"వెన్నుపూసలోంచి తీస్తారటగా! నడుం పడిపోతే? రేపు పిల్లలు పుట్టేటప్పుడు ఏదన్నా అయితే?"

"వెన్నుపూస జోలికే పోరమ్మా. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి చేతి నరంలోంచి రక్తం తీసి, మెషీన్లో కణాలు వేరుచేసి, మిగతాది మళ్లీ ఎక్కిస్తారు. ముందు ఐదు రోజులు ఇంజెక్షన్లుంటాయి, ఒళ్లునొప్పులొస్తాయి. ఎప్పుడో కొందరికి మాత్రం మత్తిచ్చి తుంటి ఎముకలోంచి తీస్తారు."

"పెళ్లివాళ్లకి తెలిస్తే?"

"రక్తదానం చేశానని తెలిస్తే ఏమంటారు? ఇదీ అంతే. మనూళ్లో ఎవరి పిల్లాడికో ఇలా అవసరమైతే నువ్వే నలుగురినీ బతిమాలవా?"

ఆ తల్లి వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఆ అమ్మాయి అప్పుడే పేరు రాయించుకోకపోయినా పర్లేదు, కరపత్రం ఇంటికి తీసుకెళ్లి నాన్నగారితో కూడా మాట్లాడి వచ్చే శిబిరానికి రమ్మనండి. ఇంట్లో గొడవపడి ఇచ్చిన కవరు కంటే ఇల్లంతా తెలిసి ఇచ్చిన కవరు పదింతలు గట్టిది. తెలుగులో ఇంత సాఫీగా వివరించగల విద్యార్థినులు ఆ బల్ల దగ్గర ఇద్దరుంటే చాలు. ఇండియాలో చదువుకునేవాళ్లు ఈ పనే 2009లో చెన్నైలో మొదలైన దాత్రి సంస్థతో కలిసి చేయవచ్చు.

రెండోది గృహహింస. సొరోరిటీలకంటే ముందే మన ఆడవాళ్లు ఈ పని తలకెత్తుకున్నారు. న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్క్‌లో 1989లో సఖి, ఆస్టిన్‌లో 1992లో సహేలీ, హ్యూస్టన్‌లో 1996లో దయ. ఎందుకు విడిగా పెట్టుకోవాల్సి వచ్చిందో ఉద్యోగ వీసా మీదున్న భర్త వెంట హెచ్-4 వీసా మీద వెళ్లిన ఇల్లాలి పరిస్థితి చూస్తే తెలుస్తుంది. 2015 దాకా హెచ్-4 మీద ఎవరికీ ఉద్యోగం చేసే వీల్లేదు, ఆ తర్వాత కూడా కొందరికే వచ్చింది. బ్యాంకు ఖాతా, కారు భర్త పేరున, వీసా కూడా భర్త వీసా మీదే ఆధారం. పుట్టింటికి చెబితే "సర్దుకుపో అమ్మా" అంటారు. వేరే భాషలో, వేరే తిండితో, పరాయివాళ్ల షెల్టర్‌లో పడుకోవడమంటే ఆమెకి ఇంకో భయం.

ఇరవై ఏళ్ల అమ్మాయి అక్కడ ఏం చేయగలదు? చాలానే. కానీ క్రమం ముఖ్యం. మొదట మీ దగ్గర్లో ఇలాంటి సంస్థకి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి. మీకు తోచింది మోసుకెళ్లొద్దు. పాత బట్టల మూటలు వాళ్ల గదుల్లో మిగిలిపోయే ఉంటాయి. వాళ్లడిగేది కందిపప్పు, బియ్యం, చింతపండు, చిన్న ప్రెషర్ కుక్కర్, పిల్లల డైపర్లు, బస్సు పాసులు కావచ్చు. తల్లులు కౌన్సెలింగ్‌లో ఉన్న రెండు గంటలు పిల్లల్ని ఆడించే మనుషులు కావాలనవచ్చు. ఆ రెండు గంటలు వారం వారం తప్పకుండా ఇచ్చే ఆరుగురు అమ్మాయిలు, ఏడాదికోసారి పెద్ద గాలా చేసి చెక్కు ఇచ్చే అరవైమందికి ఏమాత్రం తీసిపోరు. పిల్లలకి అలవాటైన మొహం మళ్లీ కనబడడమే అక్కడ పెద్ద విషయం.

బాధితులతో నేరుగా మాట్లాడాలంటే శిక్షణ కావాలి. కాలిఫోర్నియా, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో గృహహింస కౌన్సెలర్‌కి 40 గంటల శిక్షణ చట్టం ప్రకారం తప్పనిసరి. అది లేకుండా "నాకు తెలుగొచ్చు, నేను మాట్లాడతా" అని ఫోన్ అందుకోవద్దు. శిక్షణ పొందాక మీ తెలుగుకి విలువ కట్టలేం. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో వచ్చిన ఆవిడ రాత్రి పదింటికి బాత్రూంలోంచి గుసగుసగా మాట్లాడుతున్నప్పుడు, అవతల "చెప్పండక్కా, వింటున్నా" అనే గొంతు ఉండడం ఎంత పెద్ద ఆసరానో ఆ పని చేసినవాళ్లకి తెలుసు. ఆవిడ చెప్పింది చెప్పినట్టే చెప్పాలి. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు తగ్గించొద్దు, పెంచొద్దు, "ఆయన మంచాయనే అనుకుంటా" అని మీ మాట కలపొద్దు.

ఇంకో సంగతి మన తెలుగువాళ్లకి ప్రత్యేకం. అమెరికాలో ఒక నగరంలో మన లోకం చాలా చిన్నది. మనబడి, గుడి, బతుకమ్మ, ఉగాది వేడుక, అన్నిచోట్లా అవే మొహాలు. ఫోన్ చేసినావిడ మీ అమ్మకి స్నేహితురాలై ఉండొచ్చు. గొంతు గుర్తుపట్టగానే ఆ కేసు నుంచి తప్పుకుని మీ సూపర్‌వైజర్‌కి అప్పగించండి. అమ్మతో చెప్పొద్దు, మీ "బిగ్"తో చెప్పొద్దు, ఆదివారం మీటింగులో పేరు తీసేసి కూడా చెప్పొద్దు. "ఫ్రిస్కోలో ఒకావిడ, ఇద్దరు ఆడపిల్లలు, భర్త ఫలానా కంపెనీ" అంటే చాలు, ఎవరో పోల్చేస్తారు. షెల్టర్ చిరునామా రహస్యం. అక్కడ సెల్ఫీ, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, లొకేషన్ ట్యాగ్ ఏదీ కుదరదు. మీరు చేసినదానికి ఒక్క ఫొటో కూడా మిగలదు. దానికి సిద్ధమైన చాప్టరే ఈ పనికి పనికొస్తుంది.

అన్నట్టు, ఇదంతా దూరపు మనుషుల గురించే అనుకోకండి. మీ లైన్‌లోని అమ్మాయే ఒక రాత్రి బాయ్‌ఫ్రెండ్ గురించో, తండ్రి గురించో చెప్పొచ్చు. నమ్మండి. "ఎందుకు ఊరుకున్నావ్" అని అడగొద్దు. క్యాంపస్ కౌన్సెలర్ దగ్గర చెప్పింది గోప్యంగా ఉంటుంది, హాస్టల్ ఆర్‌ఏకి (రెసిడెంట్ అసిస్టెంట్‌కి) చెబితే యూనివర్సిటీకి తెలపాల్సిన బాధ్యత సాధారణంగా వాళ్లకుంటుంది. ఎవరికి చెప్పాలో ఆమెనే తేల్చుకోనివ్వండి. జాతీయ హాట్‌లైన్ 1-800-799-7233కి ఏ వేళలో చేసినా పలుకుతారు, దుబాసీ సాయంతో వేరే భాషల్లోనూ మాట్లాడతారు. ఇండియాలో మహిళల హెల్ప్‌లైన్ 181.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకి ఒక హెచ్చరిక. సేవాసంస్థలో జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేయవచ్చు, కానీ మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మీతో ఉచితంగా చేయించుకుంటే అది ఉద్యోగం కిందకే రావచ్చు. మొదలుపెట్టకముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో ఒకసారి అడగండి.

గొడవలు, అప్పగింతలు

కలిసి పనిచేసేచోట గొడవలొస్తాయి. నిధులు ఎక్కడికి పోయాయని, ఎవరు ఎక్కువ చేశారని, తెలుగువాళ్లంతా ఒకవైపు చేరి గుజరాతీ పిల్లల్ని వదిలేస్తున్నారని. ఈ చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నలుగురు తెలుగు అమ్మాయిలున్న చోట ఐదో అమ్మాయి బంగ్లాదేశీ అయితే, ఆమె గదిలో ఉన్నంతసేపూ ఇంగ్లీషులోనే మాట్లాడండి. ఊరు, కులం ఆరా తీసే ప్రశ్నలు ఎవరూ అడగకుండా చూడండి, ఎంత ముద్దుగా అడిగినా సరే. మాట తూలిన గొడవని గ్రూప్ చాట్‌లో తేల్చుకోవద్దు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, మూడో అమ్మాయిని పక్కన పెట్టుకుని మాట్లాడుకోండి.

ఈ సంఘాలు ఎక్కువగా కూలిపోయేది గొడవలవల్ల కాదు, అప్పగింతలు సరిగా లేకపోవడంవల్ల. నాలుగేళ్లకి మనుషులంతా మారిపోతారు. ఏప్రిల్‌లో కొత్త కార్యవర్గం ఎన్నికవగానే ఒక బైండర్ తయారుచేయండి. షెల్టర్ కోఆర్డినేటర్ ఈమెయిల్, ఏ నెలలో ఏ సరుకులు అడిగారు, శిక్షణ పూర్తిచేసినవాళ్లు ఎవరు, దాతల శిబిరానికి హాలు ఎన్ని వారాల ముందు బుక్ చేయాలి, ఈ ఏడాది ఏది కుదరలేదు, ఎందుకు కుదరలేదు. కుదరనివి తప్పక రాయండి, జూనియర్లకి అన్నిటికంటే ఉపయోగపడేవి అవే. షెల్టర్‌కి కొత్త అమ్మాయిని తీసుకెళ్లి, పిల్లలకి పరిచయం చేసి, రెండు వారాలు మీరూ పక్కనే ఉండి, ఆ తర్వాత మానండి. బ్యాంకు ఖాతాలో సంతకాలు మే సెలవులకి ముందే మార్పించండి. సంతకం పెట్టాల్సిన అమ్మాయి వేసవికి హైదరాబాద్ వెళ్లిపోతే, ఆగస్టులో పిల్లల సరుకులకి చెక్కు రాసేవాళ్లుండరు.